మీరడిగారు: బాతులు తిరిగే ఆ చెరువు అడుగున ఏముంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నీళ్ల గురించినవే ఎక్కువ, ఎండాకాలం మహిమ. అన్నిటికీ విడివిడిగా రాసే చోటు లేదు కాబట్టి ఒకదానికొకటి సంబంధం ఉన్నవి ఏరి పెట్టాను. మొదటి ఉత్తరం చదివి నేనూ నవ్వాను, కానీ ఆవిడ అడిగింది మాత్రం అసలైన ప్రశ్న.

ప్రశ్న: నమస్తే అండీ. మా అబ్బాయి, కోడలు అమెరికాలో అరిజోనా రాష్ట్రం గిల్బర్ట్‌లో ఉంటారు. మొన్న ఐదు నెలలు అక్కడ ఉండి వచ్చాం. రోజూ పొద్దున్నే మావారూ నేనూ అక్కడి పార్కులో చెరువుల చుట్టూ వాకింగ్‌కి వెళ్లేవాళ్లం. బాతులూ కొంగలూ, చూడ్డానికి ఎంత బాగుంటుందో. తిరిగి వచ్చే ముందు రోజు మా మనవడు చెప్పాడు, "నానమ్మా, ఇవి మన బాత్రూమ్ నీళ్లే, క్లీన్ చేసి ఇక్కడ పోస్తారు, భూమిలోకి దిగిపోతాయి" అని. అప్పట్నుంచి నాకు ఒకటే అనుమానం, ఐదు నెలలూ మేం తాగింది ఆ నీళ్లేనా? మావారు నవ్వి ఊరుకుంటున్నారు. మీరైనా నిజం చెప్పండి. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ తీర్చేస్తాను. మీరు తాగింది చాలావరకు నది నీళ్లే. ఆ ఊరికి సాల్ట్, వెర్డే, కొలరాడో నదుల నుంచి కాలువల్లో నీళ్లొస్తాయి, వాటిని శుద్ధి చేసి ఇళ్లకు పంపుతారు, వాటికి తోడు కొన్ని బోర్లున్నాయి. ఆ చెరువులో నీళ్లు తీసుకెళ్లి ఎవరి కుళాయిలోనూ పోయరు.

అలాగని మనవడు చెప్పింది అబద్ధం కాదు. మీరు నడిచిన ఆ చోటు 1999లో తయారైంది, 110 ఎకరాలు, అందులో 7 చెరువులు. ఊళ్లో వాడిన నీళ్లను శుద్ధి చేశాక మిగిలినవాటిని వాటిలో నింపుతారు. మీకు కనిపించిన బాతులు, కొంగలు, చెట్లు అన్నీ పైపై అందం, అసలు పని మాత్రం అడుగున జరుగుతోంది. నీళ్లు ఇసుకలోంచి, గులకలోంచి మెల్లగా కిందికి దిగి భూగర్భ జలంలో కలుస్తాయి. మీరు గమనించారో లేదో, అన్ని చెరువుల్లోనూ ఒకేసారి నీళ్లుండవు, కొన్ని నిండి ఉంటే కొన్ని ఎండి బీటలు వారి ఉంటాయి. అది నిర్లక్ష్యం కాదు, కావాలనే అలా ఎండబెడతారు. నీళ్లు నిలవుంటే అడుగున పాచి పొర కట్టి ఇంకడం ఆగిపోతుంది, ఎండబెడితే ఆ పొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి మళ్లీ దారి ఇస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. తడిసి గాలి ఆడనప్పుడు ఒక రకం సూక్ష్మజీవులు, ఆరి గాలి ఆడినప్పుడు ఇంకో రకం పని చేస్తాయి, ఆ రెండూ వంతులవారీగా పనిచేస్తే నీళ్లలో ఉన్న నత్రజని చాలావరకు గాలిలోకి వెళ్లిపోతుంది. ఈ కిటుకును పక్కనే ఉన్న పెద్ద నగరం ఫీనిక్స్‌లో హెర్మన్ బౌవర్ అనే శాస్త్రవేత్త 1967 నుంచి సాల్ట్ నది ఇసుకలో చెరువులు కట్టి, నింపుతూ ఎండబెడుతూ ఏళ్ల తరబడి కొలిచి చూశారు. ఏ రోజు ఎంత ఇంకింది, కింద బావిలో ఏం తేలింది అని రాసుకుంటూ కూర్చోవడం, అంతకంటే గొప్ప యంత్రమేమీ లేదు ఆ పనిలో.

ఇంత శ్రమ ఎందుకంటే అది ఎడారి. ఫీనిక్స్‌లో ఏడాదికి పడే వాన 18 సెంటీమీటర్లు. వానలే ఉండవని మనం చెప్పుకునే అనంతపురంలో కూడా అంతకు మూడింతలు పడుతుంది. అక్కడ ఒకప్పుడు పత్తి రైతులూ ఊళ్లూ పోటీపడి తోడేశారు, ఎంత తోడారంటే ఫీనిక్స్‌కీ టూసాన్‌కీ మధ్య ఎలోయ్ అనే ఊరి దగ్గర నేల 15 అడుగులకు పైగా కుంగిపోయింది, పొలాల్లో నిలువునా పగుళ్లు వచ్చాయి. చివరికి 1980లో చట్టం తెచ్చారు. ఫీనిక్స్, టూసాన్ లాంటి చోట్ల కొత్తగా ప్లాట్లు వేసి అమ్మాలంటే, ఆ ఇళ్లకు 100 ఏళ్లు సరిపడా నీళ్లున్నాయని ముందు చూపించాలి. మన దగ్గర వెంచర్లు వేసేవాళ్లకి ఈ రూలు పెడితే ఎంతమంది మిగులుతారో మీరే లెక్కేసుకోండి.

ఇక 1986లో ఇంకో చట్టం వచ్చింది, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. భూమిలోకి నువ్వు ఎంత ఇంకించావో కొలిచి నీ ఖాతాలో రాస్తారు, రేపు కరువొస్తే ఆ మేరకు తోడుకోవచ్చు. అచ్చం బ్యాంకు పాస్‌బుక్కే. పైన రిజర్వాయరు కట్టి నిలవచెయ్యొచ్చు కదా అంటారేమో, ఆ ఎండకి తెరిచి ఉంచిన నీళ్లు ఏడాదిలో దాదాపు ఆరడుగులు ఆవిరైపోతాయి. భూమి కింద అయితే ఎండ తగలదు, దోమ పట్టదు, కట్ట తెగదు.

ఇక మీ అసలు అనుమానం, అంటు గురించి. ఆ కొలరాడో నీళ్లు ఫీనిక్స్ చేరేముందు లేక్ మీడ్ అనే పెద్ద జలాశయం దాటి వస్తాయి. లాస్ వేగాస్ ఊరంతా వాడుకుని శుద్ధి చేసిన నీళ్లు ఒక వాగు గుండా మళ్లీ ఆ జలాశయంలోకే చేరతాయి. అంటే ఐదు నెలలు మీరు తాగిన దాంట్లో లాస్ వేగాస్ వాళ్ల బాత్రూమ్ నీళ్లు చుక్కో రెండు చుక్కలో ఉండే ఉంటాయి. భయపడకండి, ఇంకోటి చెప్తాను. మీ తెనాలి కాలవల్లో పారేది కృష్ణమ్మే కదా, హైదరాబాదు మురుగంతా, శుద్ధి చేసిందీ చేయనిదీ కలిపి, మూసీలో పడి వాడపల్లి దగ్గర ఆ కృష్ణలోనే కలుస్తుంది. నది పేరు పెట్టుకుని వచ్చింది కాబట్టి మనం అడగం. అరిజోనా వాళ్లు బోర్డు పెట్టి మరీ చెప్పారు కాబట్టి మీకు అనుమానం వచ్చింది. చెప్పకుండా కలిపే వాళ్లకంటే చెప్పి, కొలిచి, కలిపేవాళ్ల మీద నాకు నమ్మకం ఎక్కువ.

ప్రశ్న: సార్, నేను సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మురుగు నీటిని తాగేంత శుభ్రంగా చేయగలిగినప్పుడు నేరుగా పైపులో పంపేయవచ్చు కదా, మళ్లీ భూమిలో పోసి, మళ్లీ మోటారు పెట్టి తోడడం కరెంటు దండగ కాదా? – అనంతపురం నుంచి ఒక విద్యార్థి

జవాబు: దండగే, కరెంటు లెక్క ఒక్కటే చూస్తే. కానీ భూమిలో పోయడం వల్ల మూడు దొరుకుతాయి. ఒకటి నిలవ. రెండోది టైమ్, అంటే ప్లాంటులో ఏదైనా తేడా జరిగితే ఆ నీళ్లు తాగే మనిషిని చేరేలోపు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి, ఈలోగా మధ్యలో ఉన్న పరీక్ష బావుల్లో పట్టుకోవచ్చు. మూడోది ఇందాక తెనాలి అమ్మగారు రాశారే, అది. మనిషి మనసు. భూమిలో పడి లేచాక అది "మురుగు" కాదు, "బోరు నీళ్లు" అయిపోతుంది.

టెక్సాస్‌లో ఎల్ పాసో అనే ఊరుంది, చివావా ఎడారిలో, మెక్సికో సరిహద్దు మీద. ఏడాదికి వాన 9 అంగుళాల లోపే. ఊరి కింద ఉన్న హ్యూకో బోల్సన్ అనే నీటి పొరను ఇటు వాళ్లూ, సరిహద్దు అవతల హువారెజ్ వాళ్లూ ఇద్దరూ తోడుతుంటే అది అడుగంటిపోతుందని భయం పట్టుకుంది. 1985లో అక్కడ ఫ్రెడ్ హార్వీ ప్లాంటు మొదలైంది, రోజుకు కోటి గ్యాలన్లు, అంటే 3.8 కోట్ల లీటర్ల సామర్థ్యం. మురుగును తాగునీటి ప్రమాణానికి తెచ్చి, చెరువుల్లో ఇంకించడం కాదు, నేరుగా ఇంజెక్షన్ బావుల్లోంచి ఆ పొరలోకే ఎక్కించారు. బొగ్గుపొడి, సున్నం, ఓజోన్, ఇలా వరస. చెరువులో అయితే మధ్యలో ఉన్న మట్టి సగం పని చేసిపెడుతుంది. బావిలోంచి పంపితే ఆ సాయం ఉండదు, కాబట్టి పైనే మొత్తం శుభ్రం చేసి పంపాలి. పరీక్షలో రాయాల్సిన పాయింటు ఇదే.

అరిజోనాలో స్కాట్స్‌డేల్ ఊరి వాటర్ క్యాంపస్ 1998 నుంచి నడుస్తోంది, అది ఇంకో మెట్టు పైన. ఓజోన్, సన్న గొట్టాల వడపోత, ఆ తర్వాత మీ వంటింట్లో ఉండే ఆర్వోనే కానీ హాలంత పెద్దది, చివర్లో అతినీలలోహిత కాంతి. రోజుకు దాదాపు 7.5 కోట్ల లీటర్లు చేయగలదు. వేసవిలో ఎక్కువ భాగం గోల్ఫ్ మైదానాలకు పోతుంది, చలికాలంలో గడ్డికి అంత అక్కర్లేదు కాబట్టి మిగిలింది భూమిలోకి. ఎడారిలో గోల్ఫ్ గడ్డి ఏంటో నాకైతే ఎప్పటికీ అర్థం కాదు, కానీ ఆ గడ్డి ఉప్పును తట్టుకోలేకపోవడం కూడా అక్కడ ఆర్వో పెట్టడానికి ఒక కారణం. ఆర్వోలో రెండు తలనొప్పులున్నాయని మర్చిపోకు. ఒకటి, లోపలికి పోసిన దాంట్లో ఐదో వంతు దాకా ఉప్పునీరుగా మిగిలిపోతుంది, సముద్రం పక్కన ఊరైతే అందులో వదిలేస్తారు, ఎడారి మధ్యలో ఎక్కడ పోస్తావు? రెండు, ఆర్వో నీళ్లు మరీ ఖాళీగా, ఆకలిగా ఉంటాయి, అలాగే భూమిలోకి పంపితే రాళ్లలో ఉన్న ఖనిజాలను, కొన్నిచోట్ల ఆర్సెనిక్‌ను కూడా, కరిగించి తెచ్చుకుంటాయి. అందుకే ఇలాంటి ప్లాంట్లలో పంపేముందు సున్నమో అలాంటిదో కలిపి ఆ ఆకలి తీరుస్తారు.

నేరుగా పంపితే ఏమవుతుందో చెప్పడానికి టూసాన్ కథ బాగుంటుంది, అది మురుగు కథ కాకపోయినా. అప్పటిదాకా మొత్తం బోరు నీళ్లే తాగే ఆ ఊరికి 1992లో కొలరాడో కాలువ నీళ్లను శుద్ధి చేసి నేరుగా ఇచ్చారు. నీళ్లు ప్రమాణాల ప్రకారమే ఉన్నాయి, కానీ వాటి గుణం వేరు, పాత ఇనప పైపుల్లో దశాబ్దాలుగా పేరుకున్న తుప్పును ఊడదీసి కుళాయిల్లోంచి టీ డికాషన్ రంగులో దూకాయి. గీజర్లు పాడయ్యాయి, బట్టలు పాడయ్యాయి, జనం నగరపాలక సంస్థ మీద విరుచుకుపడ్డారు. 1994లో ఆపేశారు, 1995లో ఓటింగ్ పెట్టి మరీ జనం ఆ నేరు సరఫరాకు అడ్డుకట్ట వేశారు. తర్వాత అవే నీళ్లను ఊరి పడమట ఆవ్రా లోయలో చెరువుల్లో పోసి ఇంకించి, భూగర్భ జలంతో కలిశాక తోడి 2001 నుంచి ఇస్తున్నారు. అదే నది, అవే నీళ్లు. ఈసారి ఎవరూ గొడవ చేయలేదు. ఇంజినీరు లెక్కలో నీళ్ల రసాయనం ఎంత ముఖ్యమో, తాగేవాళ్ల ఓపిక కూడా అంతే ముఖ్యం బాబూ, అది మీ సిలబస్‌లో ఉండదు.

నేరుగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచి మురుగును శుద్ధి చేసి తాగునీటిలో కలుపుతోంది, ప్రపంచంలో వాళ్లే మొదలు. ఎల్ పాసో ఇప్పుడు అలాంటి నేరు ప్లాంటు కట్టడం మొదలుపెట్టింది. అరిజోనా కూడా 2025లో దానికి నిబంధనలు తెచ్చింది. నువ్వు ఉద్యోగంలో చేరేనాటికి నీ ప్రశ్న పాతబడిపోవచ్చు.

ప్రశ్న: ఆ శుద్ధి చేసిన మురుగుతో బీరు కూడా చేశారని మా ఫ్రెండ్ అంటున్నాడు. వాట్సాప్ గాలివార్తేనా? – కరీంనగర్ పాఠకుడు

జవాబు: నిజమే. 2017లో అరిజోనాలో శుద్ధి యంత్రాలన్నీ ఒక లారీలో బిగించి ఊరూరా తిప్పి, ఆ నీళ్లు చిన్న బీరు తయారీదారులకు ఇచ్చి పోటీ పెట్టారు. జనం భయం పోగొట్టడానికి వేసిన ఎత్తు. ఉపన్యాసాలకు రానివాళ్లు బీరుకి వస్తారు కదా. మీ ఫ్రెండ్‌తో పందెం కట్టి ఉంటే మాత్రం ఓడిపోయారు.

ప్రశ్న: మాది కుప్పం. పక్కనే కోలార్ జిల్లాలో మా బంధువులున్నారు. బెంగళూరు మురుగును అక్కడి చెరువులకు పంపుతున్నారు, బోర్లలో నీళ్లు లేచాయని సంబరపడేవాళ్లున్నారు, విషం తాగిస్తున్నారని తిట్టేవాళ్లున్నారు. ఎవరిని నమ్మాలి? – ఒక రైతు

జవాబు: ఇద్దరినీ కొంత కొంత నమ్మండి. 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన మురుగును పైపుల్లో కోలార్ చెరువులకు పంపిస్తున్నారు, పథకం పరిమాణం రోజుకు 44 కోట్ల లీటర్లు. వెయ్యి అడుగులు దాటి తవ్వినా చుక్క రాని బోర్లున్న జిల్లా అది, వచ్చినా ఫ్లోరైడు. అలాంటి చోట నిండిన చెరువును చూసి సంబరపడినవాళ్లను నేను తప్పుపట్టను.

కానీ ఆ నీళ్లకు జరిగింది రెండో దశ శుద్ధి. కుళ్లే పదార్థం తగ్గుతుంది, వాసన తగ్గుతుంది. నైట్రేటు, సబ్బుల రసాయనాలు, మందుల అవశేషాలు, ఏదైనా ఫ్యాక్టరీ దొంగచాటుగా వదిలిన లోహాలు, ఇవి ఆ దశలో పూర్తిగా పోవు. మొదట్లోనే ఒక చెరువులో నురగ లేచి గొడవైంది, గుర్తుండే ఉంటుంది. స్కాట్స్‌డేల్ వాళ్లు భూమిలోకి పంపేముందు చేసే ఓజోన్, ఆర్వో లాంటి మూడో దశ, నాలుగో దశ ఇక్కడ లేవు. పైగా ఫీనిక్స్ కింద వందల అడుగుల మందాన ఇసుక, గులక, ఒండ్రు. కోలార్ కింద రాయి. ఇసుకలో నీళ్లు వేల సందులు తిరిగి తిరిగి దిగుతాయి, రాతిలో పగులు దొరికితే లిఫ్టు ఎక్కినట్టు దిగిపోతాయి. కాబట్టి మూడో దశ పెట్టమని అక్కడి జనం అడగడం న్యాయమే, దానికయ్యే ఖర్చు బెంగళూరు భరించాలి, మురుగు వాళ్లది కాబట్టి. మీ బంధువులకు చెప్పండి, పంటకు వాడుకోవచ్చు, పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు. చెరువు పక్క బోరు నీళ్లు తాగాలంటే ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ తర్వాతా, ల్యాబులో పరీక్ష చేయించుకోవాలి. తేటగా ఉన్నాయి కదా అని వదిలేయొద్దు, నైట్రేటుకు రంగూ ఉండదు రుచీ ఉండదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 300 ఫ్లాట్లు. ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) నీళ్లు రోజూ మిగిలిపోతున్నాయి, బయట డ్రైనేజీలోకి వదిలేస్తున్నాం. మరోపక్క ట్యాంకర్లకు లక్షలు పోస్తున్నాం. ఎస్టీపీ నీళ్లను ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే బోర్లు రీచార్జ్ అవుతాయని కమిటీలో ఒకాయన పట్టుబడుతున్నారు. చేయొచ్చా? – మియాపూర్, హైదరాబాద్

జవాబు: వద్దు. ఇంత మొహమాటం లేకుండా చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి, పైన రాసిందంతా చదివి ఎవరైనా సరిగ్గా ఇదే పని చేస్తారేమోనన్నది నా భయం.

నేను బోరు పాయింట్లు చూసే పనిలో ఉన్న రోజుల్లో ఒక కాలనీవాళ్లు పిలిచారు. బోరు నీళ్లు వాసనొస్తున్నాయి, పిల్లలకు విరేచనాలు. ఎక్కడ లీకేజీ ఉందో అని డ్రైనేజీ లైన్లన్నీ తవ్వి చూశారట. తీరా చూస్తే బోరుకు ఇరవై అడుగుల్లో ఇంకుడు గుంత, అందులోకి ఎస్టీపీ పైపు. పెట్టినాయన మంచి మనసుతోనే పెట్టాడు, నీళ్లు వృథా కాకూడదని. గుంత మూసేశాక కూడా ఆ బోరు తేరుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. హైదరాబాద్ అంతా గ్రానైటు మీద కూర్చున్న ఊరు, పైన నాలుగు మీటర్లో పది మీటర్లో మొరం, ఆ కింద పగుళ్లు. ఆ పగులు మీ బోరుకే పోతుందో పక్క వీధి వాళ్ల బోరుకు పోతుందో ఎవరికీ తెలియదు. భూమిలో పోసిన చెత్తను మళ్లీ బయటికి తీసే యంత్రం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. అరిజోనాలో ఇంకించాలంటే పర్మిట్ తీసుకోవాలి, చుట్టూ పరీక్ష బావులు తవ్వాలి, లెక్కలు అప్పజెప్పాలి. మన దగ్గర కమిటీ మీటింగులో చేతులెత్తితే సరిపోతుంది, తేడా అక్కడే ఉంది.

ఇంకుడు గుంతలోకి డాబా మీది వాన నీళ్లు మాత్రమే పంపండి, అదీ మొదటి వాన వదిలేసి, కంకర, ఇసుక పొరలు ఏడాదికోసారి తీసి కడిగి. మీరు రాసినదాన్ని బట్టి డాబా పైపుల్లో సగం నేరుగా రోడ్డు మీదికే పోతున్నాయని నా అనుమానం, ఒకసారి వాన పడుతుండగా గొడుగేసుకుని చుట్టూ తిరిగి చూడండి.

ఇక ఎస్టీపీ నీళ్లకు వేరే దారి ఉంది. ఫీనిక్స్ పక్కన పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రం మొత్తం చల్లబడేది ఆ చుట్టుపక్కల ఊళ్ల మురుగును శుద్ధి చేసిన నీళ్లతోనే, దగ్గర్లో సముద్రం లేదు, నది లేదు. అంత పెద్ద రియాక్టర్లకు పనికొచ్చినప్పుడు మీ ఫ్లష్ ట్యాంకులకు పనికిరాదా? 300 ఫ్లాట్లలో ఫ్లష్‌కు వేరే లైను ముందే వేసి ఉంటే, ఎస్టీపీ సరిగ్గా నడిపి, చివర్లో క్లోరిన్ కలిపి ఆ లైనుకివ్వండి. చాలాచోట్ల లైను ఉంటుంది కానీ వాసనొస్తోందని ఎవరో ఒకరు గొడవ చేస్తే మంచినీళ్లు కలిపేసి ఉంటారు, ప్లంబర్‌ను అడిగితే గుట్టు చెప్తాడు. లైను లేకపోతే మొక్కలకు, పార్కింగ్ కడగడానికి వాడండి. అప్పటికీ మిగిలితే ఖాళీ ట్యాంకర్‌ను పిలిచి కాలనీ రోడ్డు డివైడర్ మొక్కలకు పంపండి. ముందు మాత్రం ఎస్టీపీ ఆపరేటర్ రాత్రి పూట గాలి కొట్టే బ్లోయర్ ఆపేసి పడుకుంటున్నాడేమో చూసుకోండి, పదింట ఆరు చోట్ల వాసనకు కారణం అదే అని నా అనుభవం.